విదాద్ కాసాబ్లాంకా: ఈతకొలను దగ్గర పుట్టిన ఫుట్‌బాల్ క్లబ్

మీరు అడిగినవి మూడు ప్రశ్నలు. మొరాకోలో అందరికంటే ఎక్కువసార్లు లీగ్ గెలిచిన విదాద్ కాసాబ్లాంకా క్లబ్ ఈతకొలను తగాదా వల్ల పుట్టిందన్నది నిజమేనా అన్నది మొదటిది. విదాద్‌ది రాజభవనం జట్టు అనీ, అదే ఊళ్లోని రాజా క్లబ్‌ది ప్రజల జట్టు అనీ అంటారే, పేర్లను బట్టి చూస్తే అది తారుమారుగా లేదా అన్నది రెండవది. విదాద్ గెలిచిన లీగ్‌లు ఒకచోట 22 అనీ మరొకచోట 17 అనీ ఎందుకు కనిపిస్తున్నాయన్నది మూడవది. నేను ఎరువుల పరిశ్రమలో పనిచేసినవాణ్ణి. ప్రపంచంలోని ఫాస్ఫేట్ నిల్వలలో అధికభాగం మొరాకోలోనే ఉండడంతో ఉద్యోగరీత్యా కాసాబ్లాంకాలో కొంతకాలం ఉండవలసి వచ్చింది. అక్కడ మొదలైన ఆసక్తి ఇన్నేళ్లుగా నన్ను విడిచిపెట్టలేదు కనుక కాస్త వివరంగానే రాస్తాను.

ముందుగా పేర్ల సంగతి. మనకు ‘రాజా’ అనగానే రాజు గుర్తుకు వస్తాడు గాని, ఆ క్లబ్ పేరులోని మాట అరబ్బీ ‘రజా’. దాని అర్థం ఆశ. రాజుకూ దానికీ ఏ సంబంధమూ లేదు. ‘విదాద్’ కూడా అరబ్బీ మాటే. అంటే ఆప్యాయత, అనురాగం. మన పత్రికలు ఫ్రెంచ్ అక్షరాలను చూసి వైడాడ్ అని రాస్తుంటాయి కాని, ఆ ఊరివాళ్లు పలికేది విదాద్ అనే. ఆ జట్టు అభిమానిని విదాదీ అంటారు, రాజా అభిమానిని రజావీ అంటారు. కాసాబ్లాంకాలో చిన్న ఎర్ర టాక్సీ ఎక్కిన కొత్తవాడిని డ్రైవర్ అడిగే మొదటి నాలుగైదు ప్రశ్నలలో ‘నువ్వు విదాదీవా, రజావీవా’ అన్నది తప్పక ఉంటుంది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం వెనుక ఎంత చరిత్ర ఉందో నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఈతకొలను కథ నిజమే. 1912లో కుదిరిన ఫెజ్ ఒప్పందంతో మొరాకోలో ఎక్కువ భాగం ఫ్రాన్స్ సంరక్షణ కిందికి వెళ్లింది. సుల్తాన్ సింహాసనం మీదనే ఉన్నాడు, అధికారం మాత్రం ఫ్రెంచ్ రెసిడెంట్ జనరల్ చేతికి చేరింది. చిన్న రేవు పట్టణంగా ఉన్న కాసాబ్లాంకా ఫ్రెంచ్ వాళ్లు నౌకాశ్రయాన్ని విస్తరించిన తరువాత చూస్తుండగానే మహానగరమైంది. అట్లాంటిక్ తీరాన ఉన్న ఊరు కనుక ఈత అక్కడ పెద్ద వినోదం. 1930లలో ఆ తీరంలో 480 మీటర్ల పొడవైన మునిసిపల్ ఈతకొలను ఉండేది. ఇప్పుడు హసన్ 2 మసీదు నిలిచి ఉన్నది ఆ చోటే. రేవు దగ్గర కూడా అనేక కొలనులు ఉండేవి కాని, అవి క్రీడా క్లబ్‌ల చేతుల్లో ఉండేవి. నీళ్లలోకి దిగాలంటే ముందు ఏదో ఒక క్లబ్‌లో సభ్యత్వం కావాలి. ఆ క్లబ్‌లన్నీ యూరోపియన్లవి. మొదట్లో కొద్దిమంది మొరాకన్లను రానిచ్చినా, వారి సంఖ్య పెరిగేకొద్దీ సభ్యులకు అది నచ్చక తలుపులు మూసివేశారు. తమ ఊళ్లో, తమ సముద్రం పక్కన, తమవాళ్లు నీళ్లలోకి దిగడానికి వీలులేని పరిస్థితి అది.

దీనికి హాజ్ మొహమ్మద్ బెన్‌జెలూన్, ఆయన మిత్రులు ఆలోచించిన విరుగుడు చాలా సూటిగా ఉంది. కొలనులోకి వెళ్లాలంటే క్లబ్ ఉండాలన్నది నియమమైతే, మనమే ఒక క్లబ్ పెడదాం అన్నారు. ఆ విధంగా 1937 మే 8న విదాద్ అథ్లెటిక్ క్లబ్ ఏర్పడింది. అప్పటికి దానిలో ఫుట్‌బాల్ లేదు; ఈత, వాటర్ పోలో ఆటల కోసం పెట్టిన సంఘం అది. మొరాకన్లు తమకోసం తామే సంఘం పెట్టుకోవడం సంరక్షణ ప్రభుత్వానికి నచ్చే విషయం కాదని గుర్తుంచుకుంటే, ఒక వాటర్ పోలో జట్టును నమోదు చేయించడం కూడా ఎంత సాహసమో అర్థమవుతుంది. విదాద్ శిక్షణ ప్రాంగణానికి నేటికీ బెన్‌జెలూన్ పేరే ఉన్నది.

పేరు పెట్టిన తీరు గురించి కాసాబ్లాంకాలో ఒక కథ ఎప్పటినుంచో వాడుకలో ఉంది. వ్యవస్థాపకులు పేరు కోసం తర్జనభర్జన పడుతుండగా వారిలో ఒకరు ఆలస్యంగా వచ్చారట. ఉమ్ కుల్సుమ్ నటించిన 1936 నాటి ఈజిప్టు చిత్రం ‘విదాద్’ చూసి వస్తున్నానని ఆయన చెబుతున్న క్షణంలోనే పక్క ఇంట్లో ఆడవాళ్లు శుభకార్యాలప్పుడు చేసే ఉలులు ధ్వని వినిపించిందట. దాన్ని శుభశకునంగా తీసుకుని ఆ మాటనే పేరుగా పెట్టుకున్నారంటారు. ఇది అక్షరాలా ఇలాగే జరిగిందని నేను వాదించను. అయితే ఫ్రెంచ్ పేర్ల క్లబ్‌ల మధ్య ఒక అరబ్బీ మాట, అదీ కైరో నుంచి పాటలతో వచ్చిన మాట, పేరై నిలవడం ఆ కాలపు మనసును సరిగ్గానే పట్టి చూపుతుంది.

ఫుట్‌బాల్ విభాగం 1939లో వచ్చింది. దాన్ని తీర్చిదిద్దిన మనిషి అసలు పేరు మొహమ్మద్ బెన్ లాహ్‌సెన్ అఫానీ. లోకం ఆయనను ఎరిగినది పెర్ జెగో అన్న పేరుతో. ఫ్రెంచ్‌లో పెర్ అంటే తండ్రి. దక్షిణ మొరాకోలోని సూస్ ప్రాంతపు కుటుంబానికి చెందినవాడు, చదువుకున్నవాడు, పత్రికలలో రాసినవాడు, ఆటను పుస్తకం చదివినంత శ్రద్ధగా చదివినవాడు. ఆయన చేతికి వచ్చినప్పుడు విదాద్ కింది డివిజన్‌లో ఆడే కొత్త జట్టు. ఊరిలో పెద్ద జట్టు యు.ఎస్. మరోకెన్. అది యూరోపియన్ క్లబ్, ఏళ్ల తరబడి లీగ్‌ను ఏలింది. తరువాత మార్సేయ్‌లోను అట్లెటికో మాడ్రిడ్‌లోను ఆడి నల్లముత్యం అని పేరు తెచ్చుకున్న లార్బీ బెన్‌బారెక్ ఫ్రాన్స్ వెళ్లకముందు ఆడినది ఆ క్లబ్‌కే. 1958 ప్రపంచకప్‌లో 13 గోల్స్ చేసిన జూస్ట్ ఫోంటేన్ మరాకేష్‌లో పుట్టినవాడు. అతడూ 1950లలో మొదట మెరిసినది ఆ క్లబ్ చొక్కాలోనే. మొరాకన్ ఆటగాడు ఎంత గొప్పవాడైనా యూరోపియన్ల జట్టులో ఒకడిగా మాత్రమే ఎదగగలిగిన రోజులవి. విదాద్ ఆ వరుసను తిప్పివేసింది. మొరాకన్లు తమ సొంత జట్టుతో, తమ కోచ్‌తో యూరోపియన్లను వాళ్ల లీగ్‌లోనే ఓడించవచ్చని చూపించింది.

1948, 1949, 1950, 1951. వరుసగా నాలుగు సంవత్సరాలు మొరాకో లీగ్ విదాద్‌దే. అంతటితో ఆగలేదు. అల్జీరియా, ట్యునీషియా, మొరాకో లీగ్‌ల విజేతలు తలపడే ఉత్తర ఆఫ్రికా ఛాంపియన్‌షిప్‌ను 1948, 1949, 1950లలో మూడుసార్లు వరుసగా గెలిచింది; 1949లో ఉత్తర ఆఫ్రికా కప్‌ను కూడా తీసుకువచ్చింది. ఈ సంవత్సరాలను దేశచరిత్ర పక్కన పెట్టి చూడండి. స్వాతంత్ర్య ప్రకటన పత్రం మీద మొరాకో జాతీయవాదులు సంతకాలు చేసినది 1944 జనవరి 11న. ట్యునీషియా కార్మిక నాయకుడు ఫర్హత్ హషేద్ హత్య తరువాత కాసాబ్లాంకా వీధులలో రక్తం ప్రవహించినది 1952 డిసెంబర్‌లో. సుల్తాన్ ఐదవ మొహమ్మద్‌ను ఫ్రెంచ్ ప్రభుత్వం గద్దె దింపి దేశం దాటించినది 1953 ఆగస్టు 20న. అంటే సభ పెడితే అరెస్టు చేసే కాలంలో, జెండా ఎగరేస్తే కాల్చే కాలంలో, వేల సంఖ్యలో మొరాకన్లు ఒకచోట చేరి ఒకే పేరును గొంతెత్తి అరవడానికి వీలున్న చోటు విదాద్ ఆడే మైదానం. ఆ క్లబ్‌ను ‘విదాద్ అల్ ఉమ్మా’, అంటే జాతి విదాద్, అని పిలవడం అందుకే మొదలైంది.

ఇక రాజభవనమా ప్రజలా అన్న మాటకు వద్దాం. ఈ విభజన వినడానికి బాగుంటుంది, యూరప్ పత్రికలు దానిని పదేపదే రాస్తాయి, కానీ చరిత్ర దానికి సాక్ష్యం చెప్పదు. రాజా క్లబ్ 1949 మార్చి 20న డెర్బ్ సుల్తాన్ అనే పేటలో పుట్టింది. కార్మిక సంఘాల వాళ్లు, జాతీయోద్యమంలో ఉన్నవాళ్లు కాఫీ హోటల్‌లో కూర్చుని దాన్ని పెట్టుకున్నారు. క్లబ్ అధ్యక్షుడు ఫ్రెంచ్ పౌరుడై ఉండాలన్న నియమాన్ని దాటడానికి ఫ్రెంచ్ పౌరసత్వం ఉన్న ఒక అల్జీరియన్‌ను అధ్యక్షుడిగా నిలబెట్టారు. కనుక రాజా కార్మికుల పేట నుంచి వచ్చిన జట్టు అన్న మాట నూటికి నూరు పాళ్లు నిజం. అయితే ఆ పేట పేరుకే అర్థం ‘సుల్తాన్ వాడ’. కాసాబ్లాంకా రాజభవనానికి పొరుగున ఉన్నదీ అదే. రాజా అధ్యక్ష పదవిలో ఉన్న మాతీ బువాబిద్ కార్మికోద్యమం నుంచి వచ్చిన న్యాయవాది. తరువాత 1979 నుంచి 1983 వరకు దేశ ప్రధానమంత్రి. ప్రజల క్లబ్‌కు ప్రధాని అధ్యక్షత, జాతి క్లబ్‌కు కొలను నుంచి గెంటివేతకు గురైన చరిత్ర. ఏ వైపు నుంచి చూసినా ఆ గీత నిలబడదు.

విదాద్ పెట్టినవాళ్లలో కొందరు వ్యాపార కుటుంబాల వాళ్లు, చదువుకున్నవాళ్లు. ‘పెద్దవాళ్ల జట్టు’ అన్న ముద్రకు మూలం అక్కడే ఉంది, దానిని కాదనను. కాని మదీనా అని పిలిచే పాత ఊరి సందులలో తరతరాలుగా విదాదీలుగా ఉన్న రేవు కూలీల ఇళ్లు, చేపల వ్యాపారుల ఇళ్లు చూసినవారెవరూ అది ధనికుల జట్టు అనలేరు. నిజంగా రాజకుటుంబం చేతుల మీదుగా పుట్టిన క్లబ్ వేరే ఉంది. అప్పటి యువరాజు, తరువాతి రాజు రెండవ హసన్ 1958లో రబాత్‌లో స్థాపించిన సైన్యపు క్లబ్ ఎ.ఎస్. ఫార్ అది. 1961 నుంచి 1964 వరకు వరుసగా నాలుగు లీగ్‌లు గెలిచింది, 1985లో మొరాకోకు తొలి ఆఫ్రికా ఛాంపియన్స్ కప్‌ను తెచ్చింది కూడా అదే. రాజభవనం జట్టు అని దేన్నైనా అనవలసి వస్తే ముందు దాన్ని అనాలి.

రెండు క్లబ్‌లను విడదీసే గీత ఎంత పలచనో చెప్పడానికి పెర్ జెగో జీవితం ఒక్కటి చాలు. విదాద్‌ను సున్నా నుంచి ఉత్తర ఆఫ్రికా శిఖరానికి తీసుకువెళ్లిన ఆయన 1950ల తొలినాళ్లలో క్లబ్‌తో విభేదించి బయటికి వచ్చి, కొన్నేళ్లకు రాజా పగ్గాలు పట్టి 1968 దాకా అక్కడే ఉన్నాడు. నేలమీద చిన్నచిన్న పాస్‌లతో, ప్రేక్షకుడి కళ్లకు పండుగగా ఉండే లాటిన్ అమెరికా తరహా ఆటను రాజాకు నేర్పినది ఆయనే. విదాద్‌కు ఆయన నేర్పినది గట్టిదనం, సూటిదనం. గెలుపు మీద గురి. నేటికీ రజావీలు ‘మేము ఆడతాం’ అంటారు, విదాదీలు ‘మేము గెలుస్తాం’ అంటారు. ఆ రెండు వాక్యాలకూ గురువు ఒకడే. కాసాబ్లాంకాలో ఆయన పేరిట ఒక స్టేడియం ఉంది. ప్రపంచంలో అత్యంత ఉద్రిక్తమైన డెర్బీలలో, అంటే ఒకే ఊరి జట్ల పోటీలలో, ఒకటిగా లెక్కించే ఈ పోటీలో రెండు పక్షాలూ ఒకే మనిషిని తండ్రిగా ఒప్పుకోవడం మరెక్కడా నేను చూడలేదు.

1955లో విదాద్ ఐదవసారి లీగ్ గెలిచింది. ఆ ఏడాది మార్చి 6ననే కాసాబ్లాంకాలో పెద్ద స్టేడియం తెరిచారు. విమాన ప్రమాదంలో మరణించిన బాక్సర్ మార్సెల్ సెర్దాన్ పేరు దానికి పెట్టారు. తరువాతి కాలంలో అదే ఐదవ మొహమ్మద్ స్టేడియం అయింది, విదాద్‌కూ రాజాకూ ఉమ్మడి ఇల్లు అయింది. 1955 నవంబర్‌లో సుల్తాన్ తిరిగివచ్చాడు, 1956 మార్చి 2న స్వాతంత్ర్యం వచ్చింది. స్వతంత్ర మొరాకోలో తొలి లీగ్‌ను 1957లో గెలిచినది విదాద్. అదే ఏడాది లీగ్‌కు వేరుగా జరిగే దేశీయ కప్ పోటీ అయిన సింహాసన కప్ తొలి ఫైనల్ కూడా ఆడింది కాని, అక్కడ చిత్రమైన ఓటమి ఎదురైంది. ఊజ్దా జట్టుతో ఆట 1-1తో ముగియగా, మొదటి గోల్ కొట్టిన జట్టే విజేత అన్న అప్పటి నియమం వల్ల కప్ ఊజ్దాకు వెళ్లింది.

తరువాతి దశాబ్దాలను త్వరగా దాటవచ్చు. 1966, 1969లలో లీగ్. ఆ తరువాత 1976, 1977, 1978లలో వరుసగా మూడు. 1986లో మరొకటి. ఆ తరం ముఖం గోల్‌కీపర్ బాదూ జాకీ. 1978లో విదాద్‌కు వచ్చి ఎనిమిదేళ్లు ఆడాడు, మెక్సికోలో జరిగిన 1986 ప్రపంచకప్‌లో మొరాకో తన గ్రూపులో ఇంగ్లండ్, పోలండ్, పోర్చుగల్‌ల పైన నిలిచి రెండవ దశకు చేరినప్పుడు గోల్ కాచాడు, ఆ ఏడాది ఆఫ్రికా ఉత్తమ ఆటగాడయ్యాడు. ఒక గోల్‌కీపర్‌కు ఆ గౌరవం దక్కడం ఎంత అరుదో ఆఫ్రికా ఫుట్‌బాల్‌ను అనుసరించేవారికి తెలుసు.

1990, 1991, 1993 లీగ్‌ల మధ్యలో 1992లో విదాద్ మొదటిసారి ఆఫ్రికా ఛాంపియన్ అయింది. సూడాన్‌కు చెందిన అల్ హిలాల్‌ను కాసాబ్లాంకాలో 2-0తో ఓడించి, సూడాన్‌లో 0-0తో నిలబడింది. ఆ జట్టు రక్షణలో ఉన్న యువకుడు నూరెద్దీన్ నయ్‌బెత్. అతడు ఆ తరువాత నాంత్, స్పోర్టింగ్ లిస్బన్‌ల మీదుగా స్పెయిన్‌లోని దెపోర్తివో లా కోరున్యాకు వెళ్లి 2000లో ఆ క్లబ్ స్పానిష్ లీగ్ గెలిచినప్పుడు రక్షణకు వెన్నెముకగా నిలిచాడు.

తరువాత వచ్చినది విదాదీలకు చేదుకాలం. 1993 నుంచి 2006 దాకా ఒక్క లీగ్ లేదు. ఆ వ్యవధిలోనే రాజా 1996 నుంచి 2001 దాకా వరుసగా ఆరు లీగ్‌లు గెలిచింది, 1997లోనూ 1999లోనూ ఆఫ్రికా ఛాంపియన్ అయింది, 2000 జనవరిలో బ్రెజిల్‌లో జరిగిన తొలి క్లబ్ ప్రపంచ పోటీలో రియల్ మాడ్రిడ్‌తో 2-3 దాకా పోరాడింది. ఒకే ఊరు, ఒకే స్టేడియం, పక్క ఇంట్లో పండుగ. ఆ చీకట్లో ఒక దీపం 2002 ఆఫ్రికా కప్ విన్నర్స్ కప్. ఘనాకు చెందిన అసాంతే కోటోకోను ఇంట్లో 1-0తో ఓడించి, కుమాసీలో 1-2తో ఓడినా, మొత్తం గోల్స్ సమానం కావడంతో పరాయి మైదానంలో కొట్టిన గోల్ వల్ల విదాద్ గెలిచింది.

2005లో విన్నర్స్ అనే అల్ట్రాస్ సంఘం, అంటే వీరాభిమానుల సంఘం, పుట్టడం క్లబ్ చరిత్రలో ఒక లీగ్ గెలుపుకు తక్కువైన ఘటన కాదని నా అభిప్రాయం. స్టేడియంలో గోల్ వెనుక వంపు తిరిగి ఉండే ప్రేక్షకుల గ్యాలరీలలో ఉత్తర వంపు వీళ్లది, దానిని ఫ్రిమీజా అంటారు. దక్షిణ వంపు రజావీలది, దానిపేరు మగానా. మొరాకో మాటల్లో మగానా అంటే గడియారం. డెర్బీ రోజున ఆ రెండు వంపులలో విప్పే మహాచిత్రాలు, గంటల తరబడి ఆగని పాటలు చూడడానికి ఇతర దేశాల నుంచి మనుషులు వస్తారు. ఆ పాటలలో ఆట కంటే నిరుద్యోగం, వలస, అవమానం గురించిన మాటలే ఎక్కువ. 1950లో ఆ మైదానం చేసిన పనిని ఈనాటి వంపులు వేరే రూపంలో కొనసాగిస్తున్నాయని అక్కడ నిలబడి చూసినప్పుడు నాకు అనిపించింది.

2006, 2010, 2015లలో మళ్లీ లీగ్‌లు వచ్చాయి. 2011లో ఆఫ్రికా ఫైనల్ చేరి ట్యునీషియా క్లబ్ ఎస్పెరాన్స్ చేతిలో ఓడిపోయింది. అసలు పునర్జన్మ 2017. మొరాకో కోచ్ హుస్సేన్ అమూతా ఆధ్వర్యంలో లీగ్ గెలిచి, ఆఫ్రికా ఫైనల్‌లో ఈజిప్టు దిగ్గజం అల్ అహ్లీని ఎదుర్కొంది. అలెగ్జాండ్రియాలో అష్రఫ్ బెన్‌షర్కీ గోల్‌తో 1-1గా ముగించి, నవంబర్ 4న కాసాబ్లాంకాలో వలీద్ అల్ కర్తీ తలతో కొట్టిన గోల్‌తో 1-0గా గెలిచింది. ఇరవై ఐదేళ్ల నిరీక్షణ ఆ ఒక్క బంతితో తీరింది. సరిగ్గా వారం తరువాత మొరాకో జాతీయ జట్టు అబిజాన్‌లో ఐవరీకోస్ట్‌ను ఓడించి, 1998 తరువాత మొదటిసారి ప్రపంచకప్‌కు అర్హత సాధించింది. ఆ వారం కాసాబ్లాంకా నిద్రపోయి ఉండదు.

2019 ఫైనల్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే విదాదీతో అరగంట మాట్లాడితే సంభాషణ అక్కడికే చేరుతుంది. ఎస్పెరాన్స్‌తో రబాత్‌లో 1-1. మే 31న ట్యునీషియాలోని రాదెస్‌లో రెండవ ఆట. యూసుఫ్ బెలాయిలీ గోల్‌తో ఎస్పెరాన్స్ ముందంజలో ఉండగా, రెండవ అర్ధభాగంలో అల్ కర్తీ తలతో కొట్టిన బంతి వలలో పడింది. రిఫరీ బృందం దాన్ని చెల్లదన్నది. రీప్లే చూసిన చాలామందికి అది సరైన గోల్‌గానే కనిపించింది. విదాద్ ఆటగాళ్లు వీడియో పరిశీలన కోరారు. తీరా చూస్తే ఆ వ్యవస్థ పనిచేయడం లేదు. ఖండపు అతిపెద్ద క్లబ్ ఫైనల్‌లో జరిగిన విషయం ఇది. వీడియో వచ్చేదాకా ఆడబోమని విదాద్ నిలిచిపోయింది. గంటకు పైగా సాగిన గందరగోళం తరువాత రిఫరీ ఆట ముగించి కప్‌ను ఎస్పెరాన్స్‌కు ఇచ్చారు. కొద్దిరోజులకే ఆఫ్రికా సమాఖ్య కార్యవర్గం పారిస్‌లో సమావేశమై, తటస్థ వేదికలో మళ్లీ ఆడించాలన్నది. జూలై చివర క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం ఆ నిర్ణయం తీసుకునే అధికారం కార్యవర్గానికి లేదని కొట్టివేసింది. చివరికి సమాఖ్య క్రమశిక్షణ సంఘం ఎస్పెరాన్స్‌నే విజేతగా ఖాయం చేసింది. మైదానం విడవడం పొరపాటా కాదా అన్నదాని మీద విదాదీలలోనే రెండు అభిప్రాయాలున్నాయి. ఆగకుండా ఆడి, సమం చేసి ఉండవలసిందన్నది నా అభిప్రాయం. కాని కళ్లముందు న్యాయం జరగలేదని తెలిసిన ఆటగాడికి ఆ మాట చెప్పడం తేలిక కాదు.

ఆ గాయం 2022 మే 30న మానింది. ఫైనల్ ఒకే ఆటగా కాసాబ్లాంకాలో జరిగింది. విదాద్ సొంత మైదానంలో ఫైనల్ ఏమిటని అల్ అహ్లీ అభ్యంతరపెట్టింది, ఆ అభ్యంతరంలో న్యాయం ఉంది. అయినా ఆట మీద ఆ రోజు విదాద్‌దే పైచేయి. జుహైర్ అల్ ముతరజ్జీ రెండు గోల్స్‌తో 2-0. అది మూడవ ఆఫ్రికా కిరీటం. అదే ఏడాది లీగ్ కూడా గెలిచింది. కోచ్ వలీద్ రెగ్రాగీ. మూడు నెలలకు ఆయనకు జాతీయ జట్టును అప్పగించారు. ఆ ఏడాది చివర ఖతార్‌లో మొరాకో ప్రపంచకప్ సెమీఫైనల్ చేరిన తొలి ఆఫ్రికా జట్టు అయింది. పోర్చుగల్ మీద యూసుఫ్ ఎన్‌నెసీరీ అంత ఎత్తుకు ఎగిరి కొట్టిన ఆ గోల్ మీకు గుర్తుండే ఉంటుంది. ఆ బంతిని ఎడమవైపు నుంచి అందించినది యహ్యా అత్తియత్ అల్లా, అప్పటికి విదాద్ ఆటగాడు. ప్రపంచమంతా యూరప్ క్లబ్‌ల మొరాకన్ల గురించి మాట్లాడుతుండగా, క్వార్టర్‌ఫైనల్‌ను గెలిపించిన గోల్‌కు బంతి వేసిన కాలు కాసాబ్లాంకాలో ఆడుతూ వచ్చిన కాలు.

2023లో మళ్లీ ఫైనల్ చేరి అల్ అహ్లీ చేతిలో కైరోలో 1-2, ఇంట్లో 1-1తో ఓడిపోయింది. ఆ ఏడాదే ఆఫ్రికన్ ఫుట్‌బాల్ లీగ్ ఫైనల్‌లో దక్షిణాఫ్రికాకు చెందిన మామెలోడీ సన్‌డౌన్స్ చేతిలోనూ ఓడింది. తరువాత జట్టు చెదిరింది, కోచ్‌లు మారారు. 2024లో లీగ్‌ను ఒక్క ఆట కూడా ఓడకుండా రాజా గెలుచుకుంది. 2025లో అమెరికాలో జరిగిన విస్తరించిన క్లబ్ ప్రపంచకప్‌కు విదాద్ వెళ్లగలిగినది 2022 గెలుపు పుణ్యాన. అక్కడ మాంచెస్టర్ సిటీ, యువెంతస్, అల్ ఐన్ మూడింటి చేతిలోనూ ఓడి తిరిగివచ్చింది.

మిగిలినది 22, 17 లెక్క. స్వాతంత్ర్యం తరువాతి లీగ్‌లు మాత్రమే లెక్కిస్తే 1957 నుంచి 2022 దాకా విదాద్‌వి 17. సంరక్షణ కాలంలో గెలిచిన ఐదు, అంటే 1948 నుంచి 1951 దాకా నాలుగు, 1955లో ఒకటి కలిపితే 22. రాజాకు ఉన్నవి 13 కనుక ఎలా లెక్కించినా అగ్రస్థానం మారదు. అయినా రజావీలు 17 అంటారు, విదాదీలు 22 అంటారు, డెర్బీ వారంలో ఈ వాదన లేని కాఫీ హోటల్ ఉండదు. అవి ఫ్రెంచ్ వాళ్ల లీగ్‌లు, స్వతంత్ర మొరాకో లీగ్‌లు కావు అన్నది రజావీల వాదన; నియమాల పుస్తకం ప్రకారం అందులో పస లేకపోలేదు. నేను మాత్రం 22 అనే రాస్తాను. తీసివేయమంటున్న ఆ ఐదు, నీళ్లలోకి రానివ్వని వాళ్ల లీగ్‌లో, వాళ్లు పెట్టిన నియమాలతో, వాళ్ల రిఫరీల ముందు గెలిచినవి. పట్టికలో ఒక్క గడినే ఉంచమంటే నేను 1948ని ఉంచుతాను.